చిన్న వర్తకము – వార్తాసాధనములు

వర్తకమనగానే మన కన్నులకు కట్టునవి త్రాసు, తూనికరాళ్లు, సరకు మూటలు. కాని వర్తకునకు సరకు ఎంత ముఖ్యమో వార్తయు అంత ముఖ్యము. దుగ్గిరాలలో పసుపు ధారణ ఎట్లున్నదో తెలియని పసుపు వర్తకుడు కొట్టునిండ సరకుండియు చీకటిలో బేరమాడువాడే. ఏ ఊర కొఱతయో, ఏ ఊర పుష్కలమో, ఎవడు మాటమీద నిలుచువాడో, ఎవడు నిలువనివాడో, ఈ సంగతులు ముందుగా తెలిసినవాడు లాభము గడించును. వెనుక తెలిసినవాడు మిగిలినదానితో తృప్తిపడును.

పెద్ద కంపెనీల చరిత్రను పండితులు పెద్ద గ్రంథములలో వ్రాసియున్నారు. పల్లెలోని కిరాణా దుకాణదారుడు, నేతగాడు, బెల్లపు వర్తకుడు, చేపలమ్మువాడు, పడవలు కట్టు వడ్రంగి, వీరి చరిత్ర మాత్రము చిట్టా ఆవర్జాలలోను, ఇనుపతీగకు గుచ్చిన పాత కార్డులలోను మిగిలియున్నది. వీరికి వార్తాసాధనములు ఏ విధముగా అందినవో, అంది ఏమి చేసినవో నేడు కొంత విన్నవించెదను.

వర్తకునకు వార్తాసాధనముతో మూడు పనులున్నవి. ధారణ తెలిసికొనుట మొదటిది. ఎదుటివానిని నమ్ముటకు, ఎదుటివానిచేత నమ్మబడుటకు ఆధారము సంపాదించుట రెండవది. లెక్క నిలుపుకొనుట మూడవది. చరిత్రను చూడగా నాకు తోచిన దేమనగా: దాదాపు ప్రతి సాధనమును మొదట ప్రభువుల కొఱకో పెద్ద వ్యాపారుల కొఱకో పుట్టినది; దాని వెల చిన్నవాని బేరమునకు తగినట్లు దిగివచ్చిన నాడే అది చిన్న దుకాణపు గడప త్రొక్కినది. అట్లు వచ్చిన ప్రతి సాధనమును చిన్నవానికి కొంత యిచ్చినది, కొంత పుచ్చుకొన్నది. ఆ జమాఖర్చు చూచుటయే ఈ ప్రసంగము.

తంతియు తపాలాయు లేని కాలమున వార్త మనుష్యుని కాళ్లమీద నడచినది. పదునేడవ శతాబ్దమున మచిలీపట్నము కోరమండల తీరమునందలి పెద్ద రేవులలో ఒకటి. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అచ్చట కోఠీలు పెట్టిరి. వారికిని మన నేతగానికిని నడుమ దేశీయ వర్తకులుండిరి. కంపెనీవారు వర్తకునకు మాదిరి గుడ్డ చూపి బయానా ఇత్తురు. వర్తకుడు ఆ బయానాలో కొంత పల్లెలలోని మగ్గములవారికి పంచును. నేసి తెచ్చిన గుడ్డను మాదిరితో సరిచూచి పుచ్చుకొందురు. ఆ గుడ్డ జావాలోనో పారసీక దేశములోనో ఎంతకు అమ్ముడుపోయినదో నేతగానికి తెలియు ఉపాయము లేదు. ధారణ రేవులో నుండెను, మగ్గము పల్లెలో నుండెను. నడుమనున్న దూరమే నడిమివాని లాభము.

నాటి సాధనములలో చిన్నవానికిని కొంత అందినది హుండీ. రూపాయలు మూటగట్టి దొంగలబారి దారులలో మోసికొనిపోవుటకు మాఱుగా, ఒక ఊరి సావుకారు మఱియొక ఊరి సావుకారు పేర చీటి వ్రాసియిచ్చును. చూపిన వెంటనే సొమ్ము చెల్లింపవలసినది దర్శనీ హుండీ. గడువు మీద చెల్లింపవలసినది ముద్దతీ హుండీ. చీటి దారిలో పోయినచో రెండవ ప్రతి వ్రాయుదురు. దానికి పేఠు అని పేరు. అదియు పోయినచో మూడవ ప్రతి పరపేఠు. కాగితమునకు స్వతః విలువ లేదు. దానిమీది పేరునకే విలువ. ఈ ఆచారము ఎంత బలమైనదనగా, 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము చేసినపుడు గూడ దేశభాషలలో వ్రాసిన హుండీల విషయమున స్థానికాచారమును త్రోసిపుచ్చక నిలిపిరి. అయినను హుండీ వ్రాయగలవాడు పెద్ద సావుకారే. చిన్నవాడు వానికి బట్టా చెల్లించి, వాని పేరును అద్దెకు తెచ్చుకొనువాడు.

ఇక తంతి. కలకత్తా వైద్యకళాశాలలో రసాయనశాస్త్రము బోధించిన ఓషానెస్సీ అను వైద్యుడు దీనికి మన దేశమున ఆద్యుడు. అతడు కలకత్తా నుండి డైమండ్ హార్బరు వరకు నిలిపిన తంతి 1851లో పనిచేయ నారంభించెను. ఆ దారియే దాని ఉద్దేశమును తెలుపుచున్నది: హుగ్లీనది ముఖమున ఓడల రాకపోకల వార్త కంపెనీవారికి అందవలెను. 1855లో తంతి సర్వజనులకును తెఱవబడినది. సర్వజనులనగా పదమునకింత అని రుసుము చెల్లింపగలవారు. 1870లో సముద్రగర్భపు తంతి బొంబాయిని సూయెజు మీదుగా లండనుతో కలుపగా, ఒకప్పుడు ఓడలలో వారముల తరబడి వచ్చుచుండిన ప్రత్తి ధర గంటలలో రాసాగెను. బొంబాయి వర్తకులు ఒక్కొక్క పదములో ఒక్కొక్క వాక్యము ఇముడునట్లు రహస్యపు పదపట్టికలు కూర్చుకొనిరి. కాని పల్లెలో ప్రత్తి కొను చిన్న వర్తకునకు తంతి యన్న గుండె దడయే. తంతివాడు వచ్చెననిన ఇంట ఏడ్పు మొదలగు కాలము మనలో పెద్దలు ఎఱుగనిది కాదు. 2013 జూలైలో మన దేశమున తంతివార్తల కొలువు ముగిసినది. అది పుట్టిన నాటినుండి ముగిసిన నాటివఱకు చిన్న వర్తకునకు నిత్యోపయోగమైన సాధనము కాలేదు.

చిన్నవానికి నిజముగా దక్కినది తపాలా. 1854లో దేశమంతటికిని ఒకే తపాలాబిళ్ల వచ్చినది. తక్కువ బరువు గల జాబు ఎంత దూరమేగినను అర్ధణాయే. ఇందలి గొప్పతనము గమనింపదగినది. అంతవఱకు దూరమునుబట్టి రుసుము పెరుగుచుండెడిది. దూరపు బేరము పెద్దవానిదే అగుచుండెడిది. అర్ధణాతో ఆ గోడ కూలినది. 1879 జూలై 1వ తేదీన కార్డు వచ్చినది. దాని వెల పావు అణా, అనగా ఒక కాణీ. రూపాయికి అఱువదినాలుగు కార్డులు. కాణీ పెట్టి అనకాపల్లి బెల్లపు ధారణ కనుగొనవచ్చును. కాణీ పెట్టి తిరుగుటపాలో జవాబు పొందవచ్చును. మూసినది కాదు గనుక దారిలో ఎవరైనను చదువుదురను భయమున్నను, చిన్న వర్తకుడు దానిని లక్ష్యపెట్టలేదు. దాచవలసినంత రహస్యము అతని బేరములో లేదు. పైగా చదువురాని వర్తకునకు తపాలాబంట్రోతే చదివి వినిపించువాడు.

నా చిన్ననాట మా ఊరి దుకాణములలో గల్లాపెట్టె ప్రక్కను ఒక ఇనుపతీగ వ్రేలాడుచుండెడిది. వచ్చిన ప్రతి కార్డును చదివి దానికి గుచ్చెడివారు. తగవు వచ్చినపుడు తీగ దింపి, ఆ కార్డు వెదకి తీసి, "ఇదిగో నీ వ్రాత" అని ముందు పెట్టెడివారు. కార్డు ధారణ తెలిపినది, నమ్మికకు సాక్ష్యమైనది, లెక్కకు ఆధారమైనది. నేను ముందు చెప్పిన మూడు పనులును ఒక్క కాణీలో నెఱవేరినవి.

కార్డుకంటెను గొప్పది మఱియొకటి కలదు. ఎఱుగనివాడు ఎఱుగనివానితో బేరమాడుట ఎట్లు? నేను ముందు సరకు పంపినచో వాడు సొమ్ము పంపునను నమ్మకమేమి? వాడు ముందు సొమ్ము పంపినచో నేను సరకు పంపుదునను నమ్మకమేమి? ఈ చిక్కును 1877లో వచ్చిన వి. పి. పార్సెలు విడదీసినది. సరకును తపాలా కచ్చేరిలో ఇచ్చి వెల చెప్పవలెను. బంట్రోతు దానిని గ్రాహకుని యింటికి గొనిపోయి, వెల పుచ్చుకొని సరకిచ్చును. ఆ సొమ్ము అమ్మినవానికి చేరును. 1880లో మనియార్డరు పని తపాలా శాఖకు రాగా ఈ పద్ధతి మఱింత సుకరమైనది. ఇరువురును ఒకరినొకరు నమ్మనక్కఱలేదు. ఇరువురును తపాలాను నమ్మిన చాలును. హుండీలో సావుకారు పేరునకున్న విలువ ఇచ్చట సర్కారు ముద్రకు వచ్చినది. దానికై ఏ సావుకారు గడపయు ఎక్కనక్కఱలేదు.

మన తెలుగువారికి దీనివలన కలిగిన మేలు చిన్నది కాదు. చెన్నపట్టణములోను, రాజమహేంద్రవరములోను ఒక గదిలో అచ్చుయంత్రము పెట్టుకొన్న పుస్తకవిక్రేత, పుస్తకాల అంగడియే లేని పల్లెలకు పురాణములను, శతకములను, పంచాంగములను వి. పి. ద్వారా పంపగలిగెను. మందులు చేయువారు, విత్తనములమ్మువారు, గడియారములు బాగుచేయువారు పత్రికలలో నాలుగు పంక్తుల ప్రకటన వేసి, దేశమంతట గ్రాహకులను సంపాదించిరి. పత్రికయు వర్తకమును ఎంత సన్నిహితములో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితమే చూపును. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనము నెలకొల్పిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో అది చెన్నపట్టణమున దినపత్రిక అయ్యెను. చిన్న సీసాలోని మందు అమ్మగా వచ్చిన ధనము తెలుగుదేశమునకు ఒక గొప్ప పత్రికను ఇచ్చినది.

తపాలా పుచ్చుకొన్న దేమి? ఊరి దుకాణదారునకు అంతవఱకు ఊరే కోట. బయటి వెల గ్రాహకునకు తెలియనంత కాలము అతడు చెప్పినదే వెల. పట్టణపు ధరల పట్టిక కార్డుమీద పల్లెకు వచ్చిన నాడు ఆ కోటకు మొదటి గండి పడినది. ఈ గండి ముందుముందు పెద్దదగుట చూడగలము.

రేడియో గుఱించి రెండు మాటలు. మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రసారము లారంభించినవి. గ్రామస్థుల కార్యక్రమములలో బజారు ధరలు చదువుట పరిపాటి యైనది. ధారణ ధనికునకు పేదకు ఒకే క్షణమున, ఒకే మాటలో, వెల లేకుండ చెప్పబడుట అంతకుముందు లేని సంగతి. కాని రేడియో చెప్పును గాని వినదు. "మా ఊర మిరపకాయలు పది బస్తాలున్నవి, కొనువారున్నారా?" అని దానిని అడుగ వీలులేదు.

అడిగి చెప్పించుకొనుటకు టెలిఫోను కావలెను. 1882 జనవరి 28వ తేదీన కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను కేంద్రములు తెఱవబడినవి. ఆనాటి చందాదారులు పెద్ద కంపెనీలు, బ్యాంకులు, కచ్చేరీలు. ఆ తరువాత నూఱేండ్లు గడచినను చిన్న దుకాణమునకు టెలిఫోను కలగనియే తీరవలసినదిగా నుండెను. దరఖాస్తు పెట్టి ఏండ్లకొలది వేచియుండుట అందఱమును ఎఱుగుదుము. 1960లో కాన్పూరు, లక్నోల నడుమ ఆపరేటరు సాయము లేకుండ మాటాడు ఎస్. టి. డి. పద్ధతి మొదలైనను, అది ఊరూర వ్యాపించుటకు చాలకాలము పట్టినది.

మార్పునకు కారణము ఒక చిన్న యంత్రము. 1984లో భారత ప్రభుత్వము సి-డాట్ అను పరిశోధన సంస్థను స్థాపించెను. శాం పిట్రోడా దానికి ప్రేరకుడు. విదేశపు యంత్రములు పట్టణములకు, చల్లని గదులకు తగినవి. మన పల్లెల దుమ్మునకు, ఎండకు తట్టుకొని, చల్లగది లేకుండ పనిచేయు చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజిని ఈ సంస్థవారు నిర్మించిరి. మొదటిది 1986లో కర్ణాటకములోని కిత్తూరులో పెట్టబడినది. దాని వెంటనే పసుపుపచ్చని పలకలతో ఎస్. టి. డి. బూతులు వెలసినవి. ఇచ్చట రెండు విశేషములున్నవి. టెలిఫోను కొనలేనివాడు మాటను మాత్రము నిమిషముల లెక్కన కొనగలిగెను. కార్డు వలె మాటయు చిల్లరగా అమ్ముడుపోయెను. రెండవది, ఆ బూతే ఒక చిన్న వర్తకమై వేలకొలది కుటుంబములకు, అందులో వికలాంగులు పలువురకు, జీవనాధార మైనది. రాత్రి పొద్దుపోయిన తరువాత తగ్గింపు వెలకు మాటాడుటకై దుకాణములు కట్టివేసి వచ్చిన వర్తకులు వరుసలో నిలుచుండుట మన మందఱము చూచినదే. సెల్ ఫోను వచ్చి ఆ బూతులను తుడిచివేసినది. సాధనము వలన బ్రతికిన వర్తకము తరువాతి సాధనము వలన పోవుటకు ఇంతకంటె దగ్గఱి యుదాహరణము లేదు.

సెల్ ఫోను మన దేశమున 1995 జూలై 31వ తేదీన మ్రోగినది. కలకత్తా నుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాటాడిరి. పిలిచినవారికే గాక పిలువబడినవారికిని రుసుము పడు రోజు లవి. 2003లో వచ్చు పిలుపులకు రుసుము తీసివేయబడిన తరువాతనే సామాన్యుడు దానిని ధైర్యముగా చేతబట్టెను. కాని అంతకు ముందే, కేరళ తీరమున చేపల వర్తకమున ఒక వింత జరిగినది. నా యెఱుకలో చిన్న వర్తకమున వార్త చేయు పనిని ఇంత స్పష్టముగా చూపు కథ మఱియొకటి లేదు.

1997 జనవరి 14వ తేదీ, మనకు సంక్రాంతి దినములు. ఆ ఉదయమున వడకర తీరమునకు నూనెకవళ్లు పట్టి తెచ్చిన పదునొకండుగురు జాలరులు కొనువారు లేక చేపలను సముద్రములో పాఱబోసిరి. అదే వేళకు 15 కిలోమీటర్ల లోపలనున్న ఇతర తీరములలో 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరకక వట్టిచేతులతో మరలుచుండిరి. చేప యున్నచోట కొనువాడు లేడు. కొనువాడున్నచోట చేప లేదు. నడుమ లేనిదెల్ల ఒక్క మాట. రాబర్టు జెన్సెన్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు దాదాపు ఐదేండ్లు 300 పడవల లెక్కలు వ్రాయించి ఈ సంగతులు సేకరించి, 2007లో ప్రకటించెను.

ఆ అయిదేండ్లలో తీరము పొడవున సెల్ ఫోను స్తంభములు నిలిచినవి. సముద్రములో 20 కిలోమీటర్లకు పైగా మాట అందెను. జాలరులు వల లాగిన వెంటనే పడవలోనుండియే ఏ తీరమున ఏమి ధర యని అడిగి, అచ్చటికి పడవ మలపసాగిరి. ఒక తీరమునకు మఱియొక తీరమునకు నున్న ధరల భేదము మాసిపోయినది. అంతకుముందు పట్టిన చేపలలో నూటికి 5 నుండి 8 పాళ్లు వ్యర్థమగుచుండగా, ఆ వ్యర్థము దాదాపు నిలిచిపోయినది. జాలరి లాభము సగటున నూటికి 8 పెరిగినది. తినువానికి ధర నూటికి 4 తగ్గినది. అమ్మువానికి ఎక్కువ, కొనువానికి తక్కువ, ఇది ఎట్లు సాధ్యమని అడుగవచ్చును. సముద్రములో పాఱబోసిన చేప ఎవరికిని చెందలేదు గదా! దానినే ఇరువురును పంచుకొనిరి.

ఈ కథ ఇంతతో ముగిసిన పక్షమున సంతోషముగా ఇంటికి పోవచ్చును. కాని అదే తీరమున పడవలు కట్టు వడ్రంగుల కథయు కలదు. జెన్సెన్, మిల్లర్ అను ఇరువురు 2018లో దానిని ప్రకటించిరి. అంతకుముందు ప్రతి ఊరి జాలరియు తన ఊరి వడ్రంగి వద్దనే పడవ కొనెడివాడు. పొరుగూరి పడవ ఎన్నేండ్లు నిలుచునో అతనికి తెలియదు. చేపలమ్ముటకై ఫోను చేతబట్టి ఊరూర తిరిగిన జాలరి, ఆ ఊళ్లలోని పడవలను చూచెను, మాట వినెను. మన్నికయైన పడవలు కట్టువారికి బేరములు పెరిగినవి. వారు పనివాండ్రను పెంచి పనులు విడదీసికొనిరి. పడవకు పడిన ఖర్చు తగ్గినది. మన్నిక తక్కువ పడవలు కట్టువారు కొట్టములు మూసికొనిరి. వారిలో ఎందఱు సోమరులో, ఎందఱు నేర్పించువారు లేనివారో లెక్కలు చెప్పవు. ఫోను వారిచేతికిని వచ్చినది. కాని వారిని నిలుపలేదు. వార్త లేమి చెడ్డ సరకునకు గూడ నీడ యిచ్చుచుండెడిది; ఆ నీడ పోయినది.

వార్త ఎవరు చెప్పుచున్నారను ప్రశ్నయు కలదు. 2000 సంవత్సరమున ఐ. టి. సి. కంపెనీ మధ్యప్రదేశములో సోయాచిక్కుడు పండించు పల్లెలలో ఈ-చౌపాల్ అను కేంద్రములను పెట్టసాగెను. పల్లెలోని యొక రైతు ఇంట కంప్యూటరు పెట్టి, అతనిని సంచాలకునిగా నియమించి, ధారణలను అందఱకును తెలుపు ఏర్పాటు అది. అంతకుముందు రైతు బండిమీద సరకు మండీకి తోలిన తరువాతనే ధర తెలియును; నచ్చకున్నను బండి మరల్చుకొనిపోవుట కష్టము. ఈ కేంద్రముల వలన మండీలలో సోయా ధర సగటున నూటికి 1 నుండి 3 వరకు పెరిగినదని అపరాజితా గోయల్ 2010లో ప్రకటించిన పరిశోధన తేల్చినది. రైతునకు మేలే. కాని ధర చెప్పువాడే సరకు కొనువాడును. అతడు తన పని చూచుకొనుట తప్పు కాదు. రైతు ఆ సంగతి మఱచుటయే తప్పు.

ఇక నేటి దినమునకు వత్తము. దుకాణముల గోడలమీద నల్లని గళ్లతో నున్న చదరపు గుర్తు చూచుచున్నాము, దీనికి క్యూ. ఆర్. కోడ్ అని పేరు. 1994లో జపానులో డెన్సో అను సంస్థవారు కార్ల భాగములను గుర్తించుటకై దీనిని కనుగొనిరి. ఇదియు పెద్ద కార్ఖానాకై పుట్టినదే. మన దేశమున బ్యాంకులన్నిటిని కలుపు యు. పి. ఐ. అను చెల్లింపు పద్ధతి 2016 ఏప్రిల్ 11వ తేదీన ప్రారంభమైనది. ఆ యేడు నవంబరు 8న పెద్దనోట్లు రద్దు కాగా, చిల్లర దొరకక చిక్కుపడిన దుకాణదారులు దీనివైపు చూచిరి. 2020 జనవరి నుండి ఈ చెల్లింపులపై వర్తకుని వద్ద రుసుము పుచ్చుకొనరాదని ప్రభుత్వము నిర్ణయించెను. కాణీకి కార్డు వచ్చినట్లే, ఇచ్చటను వెల దిగివచ్చిన తరువాతనే వాడుక ఉప్పొంగినది. 2023 ఆగస్టు నెల యొక్కదానిలోనే వేయి కోట్లకు మించిన చెల్లింపులు జరిగినవి.

పని తీరు సులభమే. ఆ గుర్తులో దుకాణదారుని ఖాతా చిరునామా ఉండును. కొనువాడు ఫోనుతో దానిని చదివించి, మొత్తము వ్రాసి, తన రహస్య సంఖ్యను నొక్కును. ఒక బ్యాంకునుండి మఱియొక బ్యాంకునకు సొమ్ము చేరును. గల్లా ప్రక్కనున్న చిన్నపెట్టె "ఇన్ని రూపాయలు వచ్చినవి" అని తెలుగులో పలుకును. చూపిన వెంటనే చెల్లునది గనుక దీనిని మన దర్శనీ హుండీకి మునిమనుమరా లనవచ్చును. అక్షరము రాని టీకొట్టువాడు గూడ చెవితో విని లెక్క సరిచూచుకొనుచున్నాడు. ఇది చిన్న మేలు కాదు.

రెండవ మేలును కలదు. ఆస్తి లేని చిన్న వర్తకునకు బ్యాంకు అప్పు పుట్టకపోవుట పాత సంగతి. అతని లెక్క అతని చిట్టాలోనే యుండుటచేత ఇతరులు నమ్మెడివారు కారు. ఇపుడు రోజువారీ రాబడి ఖాతాలో కనబడుచున్నందున అదియే పూచీ అగుచున్నది. 2017 జూలై 1 నుండి జి. యస్. టి. వచ్చిన తరువాత కొంచెము పెద్ద వర్తకుల లెక్కలును కంప్యూటరులోనికే చేరినవి.

కాని ఖర్చు వైపు చూడక జమ వైపు మాత్రము చూచువాడు వర్తకుడు కాడు. నే నెఱిగిన యొక పల్లె దుకాణములో తండ్రి చిట్టా వ్రాయును, కొడుకు ఫోను చూచును. కొడుకు ఫోనులో రొక్కపు అమ్మకము లన్నియు క్షణములలో కనబడును. తండ్రి చిట్టాలో మాత్రమే కనబడునవి అరువు పద్దులు: ఎవరికి పంట చేతికివచ్చు వరకు ఆగవలెనో, ఎవరి పైరు పురుగు తినగా నిరుడు పద్దు ఈ యేటికి త్రోసినారో, ఎవరి కూతురి పెండ్లికి బియ్యము ముందుగా ఇచ్చినారో. ఊరి దుకాణమును ఊరి దుకాణముగా నిలిపినది ఈ పద్దులే. సరకును ఇంటికి చేర్చు పెద్ద సంస్థలు ఫోనులోనుండియే పట్టణములలోని గ్రాహకులను లాగికొనుచున్నవి; పల్లెల దారియు పట్టినవి. వాటితో వెలలో పోటీపడుట చిన్నవానికి కష్టము. కాని పైరు పోయిన రైతు మొగము ఆ యంత్రమునకు తెలియదు, తండ్రికి తెలియును. పడవల వడ్రంగులలో నిలిచినవారు తమ పనితనముచేత నిలిచిరి. మన చిన్న దుకాణదారుని పనితనము ఈ యెఱుకయే. కొడుకు దీనిని నేర్వకున్నచో, ఎంత మంచి ఫోను కొన్నను దుకాణము మిగులదు.

మఱియొక చిక్కు మోసము. హుండీల నాడును దొంగ హుండీ లుండెను, నేడును ఉన్నవి. గోడమీది గుర్తుపై మఱియొకని గుర్తు అంటించిపోవువారు, సొమ్ము పంపినట్లు ఫోనులో వట్టి బొమ్మ చూపి సరకు పట్టుకొనిపోవువారు, బ్యాంకువారమని పలికి రహస్య సంఖ్య అడుగువారు, ఇట్లు పలువిధముల వారున్నారు. ఒక్క సూత్రము జ్ఞప్తియందుంచుకొన్న చాలును: సొమ్ము ఇచ్చుటకే రహస్య సంఖ్య కావలెను; పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కఱలేదు. "సొమ్ము వచ్చును, సంఖ్య నొక్కుడు" అన్నవాడు దొంగ. పెట్టె పలికినను, పలుకకున్నను, రాత్రి దుకాణము కట్టునపుడు ఖాతాను స్వయముగా సరిచూచుకొనుట మంచిది.

ఇంత కథ చెప్పిన తరువాత పెద్దలకు విన్నవించు సంగతి ఒక్కటియే. నాలుగు శతాబ్దములలో సాధనములు మాఱినవి. వర్తకుని మూడు పనులు మాఱలేదు. ధారణ తెలిసికొనుటకు నేటి ఫోనును మించినది లేదు. దానిని జంకు లేకుండ వాడవలెను, కాని చెప్పువాడెవడో గమనింపవలెను. నమ్మిక విషయమున బ్యాంకు ముద్ర కొంతవఱకే పనిచేయును. మిగిలినది మన నడవడియే. మూడవదియైన లెక్కను మాత్రము పూర్తిగా పరుల చేతికి విడువరాదు. నాడు ఇనుపతీగకు గుచ్చిన కార్డులు దుకాణదారునివి. నేడు లెక్కలు దాచు యంత్రములు ఎక్కడివో, ఎవరివో మనకు కనబడవు. కనుక దుకాణములో కూర్చుండు పిల్లలను ఫోను పట్టవద్దని మందలింపకుడు. పట్టనిండు. దాని ప్రక్కనే ఒక చిట్టా పుస్తకము పెట్టి, సాయంకాలమున పద్దు వ్రాయుట మీరే కూర్చుండి నేర్పుడు. ఆ పుస్తకములో ఏ పేరు ఎదుట ఏమి వ్రాయవలెనో, ఏది వ్రాయక మనసులో ఉంచుకొనవలెనో, అది మీకు తప్ప వేఱెవ్వరికిని తెలియదు.